పక్కింటి అక్క ఓర మడత

నా చిన్నప్పుడు మా ఊరు బారువలో క్రిస్మస్ వస్తోందంటే అందరికీ సముద్రపు గాలి భయం పట్టుకునేది. చర్చి ముందుగోడకు కట్టే పెద్ద కాగితపు నక్షత్రాన్ని ఆ గాలి పైకి చేరనిచ్చేది కాదు. ఒక ఏడు తాడు మీద సగం దూరం వెళ్ళిందో లేదో, చింపి పారేసింది. అందుకే మరుసటేడు నక్షత్రం పని పక్కింటి అక్క తన మీద వేసుకుంది.

అక్క ఉపాయం ఒకటే. నక్షత్రం గీసిన చాపంత కాగితాన్ని చిన్నగా మడిచి పైకి పంపాలి, పైకెళ్ళాక కింద నుంచి దారంతో విప్పాలి. మడిచే పని నాదేనని ఎగబడ్డాను. చీరలు మడతపెట్టడంలో మా ఇంట్లో నన్ను మించినవాళ్ళు లేరని నా గొప్ప మరి! అక్క ముందు ఒక పాత కాగితం ఇచ్చింది. సగానికి సగం, మళ్ళీ సగం మడిచి, మీద కూర్చుని అణిచి మరీ ఇచ్చాను. అక్క మూల పట్టుకుని లాగితే, మడతలన్నీ కలిసినచోట పర్రున చిరిగింది.

“ఓలే, ఇది సీర కాదే! మడత మీద మడత పడితే అక్కడే సిరిగిపోతాది. అడ్డగీతలు ఓరగా ఎయ్యి,” అని నవ్వింది.

ముందు విసనకర్రలా కుచ్చులు, తర్వాత అడ్డంగా, కాస్త ఏటవాలుగా మడతలు, ఒకటి లోపలికి, ఒకటి బయటికి. అది నా చేతులకు ఎక్కడానికి మధ్యాహ్నమంతా పట్టింది. ఎక్కాక చూడాలి నా సంబరం! మూల లాగితే కాగితమంతా ఒక్కసారే విచ్చుకునేది, తోస్తే మళ్ళీ పుస్తకమంత అయి కూర్చునేది. ఆ పూట అన్నం సంగతే మర్చిపోయాను.

సాయంత్రం అసలు కాగితాన్నీ నేనే మడిచాను. ఇంకో కాగితం లేదు, చిరిగితే ఆ ఏడు నక్షత్రం లేనట్టే. మడిచిన కట్ట తాడు మీద పైకి చేరింది. దాని కింది మూలకు కట్టిన దారాన్ని అక్క నా చేతికే ఇచ్చింది. చర్చి ముందు జనమంతా నన్నే చూస్తుంటే దారం మళ్ళీ అక్కకే ఇవ్వబోయాను.

“బయపడకే. మడతేసింది నువ్వే గదా, నీ మాట ఇంటాది. లాగు.”

లాగాను. ఎర్ర నక్షత్రం గోడ నిండా విచ్చుకుంది! “ఓలమ్మో!” అని జనం అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మొన్న మా మనవరాలు ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. అంతరిక్ష నౌకకు కరెంటిచ్చే సౌర పలకలు. రాకెట్‌లో చోటు చాలదని, కాగితాలు మడిచినట్టే మడిచి పంపి, పైకెళ్ళాక విప్పుతారట. ఆ ఓర గీతలు చూడగానే “మా అక్క మడతే!” అని గావుకేక పెట్టాను.

“ఇరుక్కుపోతే పైకెళ్ళి బాగుచేసేవాళ్ళు ఉండరు నాన్నమ్మా,” అంది మనవరాలు.

ఆ సంగతి నాకు తెలియదా! చెయ్యి అందని చోట ఏ పని పడ్డా నాకు అక్క మాటే ధైర్యం. వీడియోలో పలకలు సగం విచ్చుకుని క్షణం ఆగాయి. చేతిలో లేని దారాన్ని నా వేళ్ళు బిగించి పట్టుకున్నాయి. “బయపడకే, లాగు,” అన్నాను పైకే.