ఖాళీ గడి ముందు చెప్పులు విప్పాను

తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తున్న రోజులవి. నాకు పద్దెనిమిదేళ్లు. స్నేహితుడు యాకయ్యను కిరాయి సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని, జనగామ నుంచి మానుకోటలో ఉన్న వాళ్లక్క ఇంటికి బయల్దేరాను. వానలు వెలిసి చెరువులు నిండాయి. దారి పొడుగునా తంగేడు పూసింది. పెద్దవంగరలో చాయ్ తాగుతుంటే, ముందున్న ఊరి దొర సంఘం వాళ్లకు భయపడి పట్నం పారిపోయాడని తెలిసింది. సంబరంగా పాటలు పాడుకుంటూ ఆ ఊరు చేరాం. ఊరి పేరు రాయను.

దొర ఉండే గడి కనబడగానే సైకిల్ దిగాను. యాకయ్యా దిగాడు. ఇద్దరం చెప్పులు చేత పట్టుకుని, తలలు వంచుకుని నడిచాం. గడి ముందు ఎవరైనా అట్లాగే నడవాలి, తాతల నాటి నుంచీ అదే పద్ధతి.

గడి అరుగు మీద పెసర్లు ఆరబోస్తున్న ఒక అవ్వ మమ్మల్ని చూసింది.

"ఎవలకు బిడ్డా గా దండం? దొర పోయి నెల దాటింది. లోపట పిల్లి గూడ లేదు."

యాకయ్య పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏంది నవ్వుతున్నవ్? వాడు లేకున్నా మనల్ని దించిండు గదరా!" అని అరిచాను.

చెప్పులేసుకుని, వెనక్కి పోయి, బెల్లు కొట్టుకుంటూ గడి ముందు మూడుసార్లు సైకిల్ తొక్కాను. అయినా కోపం చల్లారలేదు.

ఇప్పటికీ చల్లారలేదు. మొన్న పట్టా పని మీద ఒక ఆఫీసుకు పోయి, గుమ్మం బయటే చెప్పులు విప్పాను. ఎవరూ విప్పమనలేదు. లోపల కుర్చీ ఖాళీగా ఉంది.