గుట్ట కింది ముసలిది

నేను రాసినవాటిలో జనం నిజంగా పట్టించుకుని చదివింది ఒక్కటే. దాని మీద నా పేరు లేదు.

అది సినిమా కాదు, నవల కాదు. పాచికలతో ఆడే ఒక ఆట కోసం రాసిన నలభై పేజీల పుస్తకం. ఆ ఆటకు బోర్డు ఉండదు, పావులు ఉండవు. ఒకడు కథ నడిపిస్తాడు, మిగతావాళ్లు అందులో తలా ఒక పాత్ర అవుతారు. ఎదురుగా గుహ ఉంది, లోపలికి పోతావా పోవా అని వాడు అడుగుతాడు. ఏదో ఒకటి చెప్పి పాచిక వేస్తే, పడిన అంకెను బట్టి చావో బతుకో తేలుతుంది. ఫిల్మ్‌నగర్‌లో సహాయ రచయితలుగా పనిచేసే రోజుల్లో ఆదివారం మధ్యాహ్నాలు మా గదిలో ఇదే పని. వారమంతా ఇంకొకరి కథలకు చాకిరీ చేసేవాళ్లం కాబట్టి, ఆ ఒక్క పూటా కథ మాది అనిపించేది.

ఆడే నలుగురిలో ముగ్గురం కృష్ణా ఒడ్డు నుంచి వచ్చినవాళ్లం. నాలుగోవాడిది బోరబండ. వాడు బొమ్మలు బాగా వేసేవాడు. ఒకటి రెండుసార్లు మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే వాళ్లమ్మ, "జర కూసో బిడ్డా, గుక్కెడు నీళ్లు తాగి పో" అనేది. ఎండలో గుట్ట ఎక్కి వచ్చినవాడికి ఆ మాట ఎంత చల్లగా ఉంటుందో నాకు అప్పుడు రాయాలని తోచలేదు. తోచింది వేరే.

ఆ మాటను తీసుకెళ్లి రాక్షసి నోట్లో పెట్టాను.

పుస్తకం పేరు 'గుట్ట కింది ముసలిది'. ఏటి ఒడ్డు ఊరి నుంచి నలుగురు వీరులు నిధి వెతుక్కుంటూ రాతిగుట్టల్లోకి వస్తారు. వీరులంతా మా భాషే మాట్లాడతారు. గుహ ముందు ముసలి రాక్షసి కూర్చుని, దారిన పోయేవాళ్లను ఆ మాటతోనే పిలుస్తుంది. కూర్చున్నవాడు పాచిక వేయాలి. నాలుగు కంటే తక్కువ పడితే రాయైపోతాడు. కథ నడిపేవాడి కోసం పక్కనే ఒక సూచన రాశాను: "ఈ మాట హైదరాబాద్ యాసలో సాగదీసి చెప్పాలి. నవ్వు రావాలి."

నవ్వు వచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. మేం పనిచేసే సినిమాల్లో కూడా ఆ యాస రౌడీకో పనివాడికో పెట్టేవాళ్లమే గాని హీరోకి పెట్టేవాళ్లం కాదు. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం లేనివాళ్లమే రాస్తున్నాం మరి.

జిరాక్స్ తీయించి తెలిసినవాళ్లకు పంచాం. అట్ట మీద బొమ్మలు వేసినవాడి పేరు ఒక్కటే ఉంది. నా పేరు వద్దని నేనే అన్నాను. మొదటిసారి పడితే తెర మీదే పడాలని నా పట్టుదల. జిరాక్స్ కాగితం మీద పడితే పేరు మైలపడుతుందన్నట్టు! ఫిల్మ్‌నగర్‌లో ఈ జబ్బు లేని రచయిత నాకు ఇంతవరకూ తగల్లేదు.

మొన్న వేసవిలో ఎవరో పాత కాపీ దొరికితే ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టారు. తెలుగులో కూడా ఇలాంటి ఆట ఉండేదట చూడండి అని సరదాకి పెట్టారు. రెండోరోజుకి సరదా పోయింది. "వీరులకు ఒక భాష, రాక్షసులకు మా అమ్మ భాషనా?" అని ఒకామె రాసింది. నా సూచన ఉన్న పేజీ నా ఫోన్‌కే ఆరుసార్లు వచ్చింది. అప్పటి కాలం అలాంటిది, ఆటే కదా, వదిలేయండి అని కొందరు వెనకేసుకొచ్చారు. వాళ్లను చూస్తే ఇంకా ఒళ్లు మండింది. వాళ్లు కాపాడుతున్నది నన్నని వాళ్లకు తెలియదు.

తిట్లన్నీ పడింది అట్ట మీద పేరున్నవాడికి. వాడు ఇప్పుడు మాటల రచయిత. తెలంగాణ మాటను తెర మీద మర్యాదగా నిలబెట్టాడని పేరు తెచ్చుకున్నాడు. జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత ఆఫీసులో పెద్ద సినిమాకు రాస్తున్నాడు. కన్నతల్లి మాటను ఎగతాళి చేసినవాడని జనం తిట్టిపోస్తుంటే, ఆఫీసువాళ్లు కొన్నాళ్లు రావద్దన్నారు. రాసింది నేనని వాడు ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. 'అది రాసింది నేను' అని ఒక్క వాక్యం పెడితే వాడి సినిమా వాడికి మిగులుతుంది. ఆ వాక్యాన్ని మూడు వారాలపాటు రోజూ టైప్ చేశాను, రోజూ చెరిపేశాను. నాకు ఉన్న కాస్త పనీ పోతుందని భయం. అంతకు మించి గొప్ప కారణం ఏమీ లేదు.

చివరికి ఒక ఆదివారం పొద్దున బోరబండ వెళ్లాను. వాడు తలుపు తీసి పక్కకు జరిగాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"నేనే రాశానని చెప్పేస్తానురా" అన్నాను.

"చెప్పు. గని ఒక్కటి ఇను" అన్నాడు. "మా అమ్మ మాట నువ్వు రెండుసార్లు ఇన్నవేమో, గంతే. ఆ గదిల కూసొని ప్రతి ఐతారం జేసి చూపిచ్చింది నేను. మీరు నవ్విన్రు. మీరు నవ్వుతున్రని ఇంక జర సాగదీసిన. మీలో ఒకణ్ని అయితననుకున్న."

నాకు అది గుర్తే లేదు. వాడి ఇంట్లోంచి మాటను దొంగిలించానని ఇన్నాళ్లూ నాలో నేనే నొచ్చుకుంటున్నాను. వాడే తెచ్చి ఇచ్చాడు, మాతో కలవడానికి. అది విన్నాక నా తప్పు తగ్గుతుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను కూడా. ఛీ అనిపించింది.

లోపలి గదిలోంచి వాళ్లమ్మ వచ్చింది. నడుం వంగిపోయింది. నన్ను గుర్తుపట్టింది. "రండి సార్, కూర్చోండి. మంచినీళ్లు తాగుతారా?" అంది. ఒక్కో మాటా ఆచితూచి, టీవీలో వార్తలు చదివేవాళ్లలా పలికింది. నేను బిత్తరపోయి వాడి వంక చూశాను.

"ఆ పేజీ పక్కింటోళ్లు సదివి ఇనిపిచ్చిన్రు" అన్నాడు వాడు. "అప్పటి సంది బయటోళ్లు ఎవలొచ్చినా గిట్లనే మాట్లాడుతున్నది."

మామూలుగా మాట్లాడండమ్మా అనబోయాను. ఏ మొహం పెట్టుకుని అంటాను? గ్లాసు అందుకుని తాగాను. ఆమె గ్లాసు తీసుకుని, "థాంక్యూ సార్" అని లోపలికి వెళ్లిపోయింది.

ఇంటికి రాగానే పోస్ట్ పెట్టాను. కథ నాది, మాటలు నావి, నవ్వు రావాలన్న సూచన నాది, వాడు బొమ్మలు మాత్రమే వేశాడు అని రాశాను. అరగంటలో పొగడ్తలు మొదలయ్యాయి. ధైర్యం అన్నారు, నిజాయితీ అన్నారు. మూడు వారాలు నోరు మూసుకున్నవాడికి ఆ మాటలేమిటని సిగ్గేసింది. అయినా ఒక్కటీ వదలకుండా చదివాను.

రెండోరోజు జూబ్లీహిల్స్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. వాణ్ని వెనక్కి పిలిచామని చెప్పడానికే చేశారనుకుని గబగబా ఎత్తాను.

"సార్, మీ పోస్ట్ చదివాం. చాలా ఆనెస్ట్‌గా ఉంది" అన్నాడు అక్కడి మేనేజర్. "మన సినిమాకి డైలాగ్స్ మీరు రాయగలరా? ఆయనకి కాంట్రవర్సీ అంటుకుంది కదండీ, మళ్లీ రిస్క్ ఎందుకని ప్రొడ్యూసర్ గారు అంటున్నారు. యాస చూసిపెట్టడానికి పక్కన ఎవరినైనా పెడదాం."

"తప్పు నాదేనని రాశాను కదండీ."

"అదే సార్, మీరు చెప్పేశారు కదా. ఇంక మీతో ప్రాబ్లం లేదు."

కుదరదని చెప్పడానికి ఎంతసేపు? ఆ మాట నా నోటి దాకా వచ్చింది. అవతల అతను లైన్‌లోనే ఉన్నాడు.

ఆలోచించి చెబుతానన్నాను.