ఉపవాసపు పూట అన్నం

ఆ కుక్కను మా కొవ్వూరు ఇంటికి తెచ్చింది నేనే కాబట్టి, తర్వాత జరిగినదానికి ఎవరినీ అనే హక్కు నాకు లేదు. అయినా అన్నాను. నా నోరు అలాంటిది.

రాజమహేంద్రవరంలో ఒక ఫంక్షన్ హాలు వెనక, గిన్నెలు కడిగే చోట పడి ఉండేవాడు. ఎవరో పెంచుకుని వదిలేసిన లాబ్రడార్. పెళ్ళిళ్ళలో మిగిలిన బిర్యానీ, స్వీట్లు తిని తిని పీపాలా తయారయ్యాడు. హాలు అమ్మేశారని తెలిసి నేనూ మా ఆయనా ఆటోలో వేసుకొచ్చాం. ఎక్కించడానికి నలుగురు పట్టాల్సి వచ్చింది. ఇంటికి వచ్చాక తెలిసింది, వాడు పది అడుగులు వేసి కూలబడిపోతాడని.

పశువుల డాక్టరుగారు వెనక కాళ్ళు చూసి కీళ్ళు అరిగాయన్నారు. గుండె కూడా విన్నారు. "నలభై నాలుగు కిలోలున్నాడండి. ముప్పై రెండుకి రావాలి. ఎండలు ముదిరేలోపు కొంతైనా తగ్గకపోతే ఈ గుండె తట్టుకోదు. ఈలోగా లేవడం మానేశాడా, ఇక నేను చెయ్యగలిగేదేమీ ఉండదండి," అన్నారు.

నేను బడిలో లెక్కలు చెబుతాను. లెక్క ప్రకారం పెడితే లెక్క ప్రకారం తగ్గుతాడనుకున్నాను. ఆయన రాసిచ్చిన తిండి కప్పుతో కొలిచి, ఉడికించిన సొరకాయ కలిపి, రెండు పూటలా పెట్టేదాన్ని. ఆదివారం ఆరాధన అయ్యాక వాడిని వీధి చివర బియ్యం కొట్టుకు నడిపించి, మధ్యమధ్య కూర్చోబెట్టి, బస్తాలు తూచే కాటా ఎక్కించేదాన్ని. మొదటి నెలలో రెండు కిలోలు తగ్గాడు. సంతోషం పట్టలేక కొట్టాయన నాకు టీ తెప్పించాడు.

తర్వాత శ్రమకాలం వచ్చింది. ఈస్టరు ముందు నలభై రోజులూ మా అత్తగారు పగలంతా మంచినీళ్ళతోనే ఉపవాసం ఉంటారు. నేను కాపురానికి వచ్చినప్పటినుంచీ చూస్తున్నాను, ఒక్కరోజు కూడా తప్పలేదు. ఈసారి వాడి కాళ్ళ కోసమే ప్రార్థన చేస్తున్నానని చెప్పారు. నాకు కళ్ళు చెమర్చాయి. ఆ వారం వాడు అరకిలో పెరిగాడు.

పై వారం ఇంకొంచెం పెరిగాడు. "మూట బరువెక్కుతోందండి టీచరుగారూ," అన్నాడు కొట్టాయన. ఆ వేళాకోళానికి నాకు ఏడుపొచ్చింది. కప్పులో పావువంతు తగ్గించాను. ఆపైన ఇంకో పావు. వాడు ఖాళీ గిన్నెను నాకుతూ నాకుతూ వంటింటి దాకా నెట్టుకొచ్చేవాడు. నేను అటు చూడకుండా పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని. ఎంగిలి మెతుకులు వీధిలో పారబోస్తోందని ఎదురింటావిడతో పోట్లాడాను. థైరాయిడేమోనని రక్తపరీక్ష చేయించాను. అందులోనూ ఏమీ లేదు. ఇంతలో వాడు తనంతట తాను లేవడం తగ్గించేశాడు. తుండుగుడ్డ పొట్ట కింద వేసి పైకి లాగితేగానీ నిలబడడు. వీడు నా చేతుల్లోనే చచ్చిపోతాడు, అదీ ఆకలితో చచ్చిపోతాడు అని నాకు ఖాయమైపోయింది. దేవుడి మీద కూడా కోపం వచ్చింది.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మొదటిరోజు ఒంటిగంటకల్లా ఇల్లు చేరాను. అత్తగారు వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చుని ఉన్నారు. ముందు కంచం నిండా పప్పన్నం, పైన నెయ్యి. ముద్దలు చేసి వాడి నోటికి అందిస్తున్నారు.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"నా పూట అన్నం అమ్మాయ్," అన్నారు, దాపరికమేమీ లేకుండా. ఉపవాసం ఉన్న పూట తన వంతు అన్నం వండి, ఆకలితో ఉన్నవాళ్ళకు పెట్టడం ఆవిడ నియమం. ఏటా ఆ కంచం చర్చి గేటు దగ్గర కూర్చునే ఒక ముసలామెకు వెళ్ళేది. ఆమె నిరుడు పోయింది. అత్తగారి మోకాళ్ళు ఇప్పుడు గడప దాటనివ్వడం లేదు. "ఇంట్లో వీడికన్నా ఆకలిగా ఉన్నవాడు ఎవరున్నారు చెప్పు? నువ్వు పెట్టేది పిచ్చిక్కి కూడా చాలదు."

"ప్రార్థన చేసేదీ మీరే, ప్రాణం తీసేదీ మీరేనా?" అన్నాను. పెద్దావిడ అని గానీ, అన్ని రోజుల ఆకలి మీద ఉన్న మనిషి అని గానీ చూడలేదు. ఆవిడ చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళిపోయారు. నాకు సిగ్గేసింది, కానీ వెనక్కి తీసుకోలేదు.

మర్నాటి నుంచి ఆ అన్నం వీధి ఊడ్చే ఆమెకు ఇచ్చేలా మాట్లాడాను. నేను బడి నుంచి రాగానే కంచం పట్టుకెళ్ళి ఇచ్చేదాన్ని. రెండు రోజులు బాగానే సాగింది. మూడోరోజు కంచంలో సగమే ఉంది. వాడి మూతికి పప్పు అంటుకుని ఉంది.

ఈసారి నేను అరవలేదు. ఆవిడే తలవంచుకుని చెప్పారు. "నా కడుపు కాలుతుంటే వాడి కడుపు నాకు తెలుస్తోందమ్మాయ్. చెయ్యి ఆగట్లేదు. నేను తినేస్తే వాడి ఆకలి నాకు తెలీదేమో."

నేను వాడి మూతి తుడిచి, మిగిలిన సగం వీధి ఊడ్చే ఆమెకు పట్టుకెళ్ళాను.

మర్నాడు నేను వచ్చేసరికి ఆవిడ గది తలుపు వేసి ఉంది. వాడు గడప దగ్గర పడుకుని, తలుపు సందులో ముక్కు పెట్టి గోకుతున్నాడు. లోపల కంచం చప్పుడు, మధ్యలో ఏడుపు. శ్రమకాలంలో పట్టపగలు మా అత్తగారు అన్నం తింటున్నారు.

"వచ్చావా అమ్మాయ్? వాణ్ణి పట్టుకో. నన్ను తలుపు తియ్యనివ్వకు," అన్నారు లోపలినుంచి.

నేను చెప్పులైనా విప్పకుండా నేలమీద కూర్చుని వాడి మెడపట్టీ రెండు చేతులా పట్టుకున్నాను. ఆవిడ ఆఖరి మెతుకు దాకా తినేవరకూ వదల్లేదు.