మేక కొరికిన కవరు

పోస్టాఫీసు ఉద్యోగంలో చేరిన కొత్త. రాచర్ల దగ్గర ఒక ఊళ్ళో ఉత్తరాలు పంచుతూ, సంచి అరుగు మీద పెట్టి మంచినీళ్ళు తాగుతున్నాను. ఈలోగా ఒక కవరు మూలను మేక కొరికేసింది. అది ఒక లారీ డ్రైవరు పేరున వచ్చిన ఏటీఎం కార్డు. అలాగే తీసుకెళ్ళి వాళ్ళమ్మకిచ్చాను.

చూడగానే అవ్వ కూలబడిపోయింది. "నా కొడుకు పోయినాడా?"

చావు కబురు ఉత్తరాలకు మూల చింపి పంపే పాత ఆనవాయితీ అప్పుడు గుర్తొచ్చింది నాకు. మేక కొరికిందంటే నమ్మదే! "నాకాడ దాయొద్దు తల్లీ" అని ఒకటే ఏడుపు.

అవ్వ ఫోన్ నుంచే కొడుక్కి చేశాను. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తాడు. "ఏందిమా? డీజిల్ కొట్టిస్తా ఉండా."

కొడుకు గొంతు విన్నాక కూడా, మిగిలిన మూడు మూలలకూ పసుపు రాసిగానీ ఆ కవరును గడప దాటి లోపలికి రానివ్వలేదు అవ్వ. ఇప్పటికీ ఏ ఉత్తరం చేతికొచ్చినా, చిరునామా కంటే ముందు మూలలే చూస్తాను.