గుంత అవతలి ఈల

ఉద్యోగ విరమణకు ఇంకా ఏడాది ఉందనగా, ఎండలు ముదురుతున్న రోజుల్లో, కర్నూలులోని మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయంలో నాకొక పని అప్పగించారు. అక్కడ నేను సంక్షేమ నిర్వాహకుణ్ణి. హోదా పేరు పెద్దది. పని మాత్రం పింఛను ఆగిపోయిన ముసలివాళ్ళ ఇళ్ళకూ బ్యాంకులకూ మధ్య తిరగడం. అంతకు ముందు నౌకాదళంలో ఇంజను గదిలో చీఫ్ పెట్టీ ఆఫీసరుగా చేశాను. పదాతిదళం లెక్కలో నాయబ్ సుబేదారు అనుకోండి.

పని ఇదీ. ఒక పాత డిస్ట్రాయరును సేవ నుంచి తప్పించి, తుక్కు కింద కోసేశారు. డిస్ట్రాయరంటే పెద్ద ఓడలకు కాపలాగా ముందు పరుగెత్తే యుద్ధనౌక. వేగం ఎక్కువ, సుఖం తక్కువ. అందులో పనిచేసినవాళ్ళు విశాఖపట్నంలో ఒకసారి కలవాలనుకున్నారు. కర్నూలు, కడప వైపు బతికున్న తోటి నావికులనూ, పోయినవాళ్ళ కుటుంబాలనూ వెతికిపెట్టమని మా కార్యాలయాన్ని అడిగారు. "ఆ ఓడలో నేనూ చేశాను సార్, నాకివ్వండి" అని మా అధికారిని అడిగి తీసుకున్నాను. చేయలేదు. ఒకసారి మా ఓడ దాని పక్కన ఆగితే, పంపుకు వాషరు అప్పు అడగడానికి ఎక్కాను. వాళ్ళు ఇవ్వలేదు. ఆ ఓడతో నా అనుబంధమంతా అదే.

ఈ జాడ తీసే పనిలో ఒక కట్టుబాటు ఉంది. మనిషి దొరికినంత మాత్రాన అతని విలాసం ఎవరికీ ఇవ్వకూడదు. "ఫలానావారు నీకోసం వెతుకుతున్నారు, చెప్పమంటావా?" అని ముందు అతన్నే అడగాలి. వద్దంటే దొరకలేదనే రాసుకోవాలి. కొందరు కావాలనే పోయి ఉంటారు. వాళ్ళను బయటికి లాగే హక్కు మనకు లేదు.

చాలామంది సులువుగానే దొరికారు. రాయచోటిలో ఒకరికి బట్టల కొట్టు, మహానందిలో మరొకరికి టెంకాయల అంగడి. నావికుణ్ణి పట్టుకోవడానికి కాగితాల కంటే కాళ్ళు మేలు. ఓడలో ప్రతి తలుపుకూ మోకాటి ఎత్తున ఇనుప గడప ఉంటుంది, నీళ్ళు లోపలికి రాకుండా. ఏళ్ళ తరబడి దాన్ని దాటినవాడు ఇంట్లో గడప లేని చోట కూడా కాలెత్తి వేస్తాడు. నా భార్య ఇప్పటికీ నవ్వుతుంది.

చివరికి రెండు పేర్లు మిగిలాయి. ఒకటి సుంకన్న. డోన్‌కు అవతల, నాపరాళ్ళ గనులున్న ఒక ఊరి నేతగాళ్ళ కుర్రాడు. ఓడ మీద నుంచి సముద్రంలో పడిపోయాడు, శవం దొరకలేదు. రెండోది మస్తాన్. అదే ఓడలో బోసన్ మేట్, అంటే ఈల ఊది డెక్కు మీదివాళ్ళకు ఆజ్ఞలు వినిపించేవాడు. ఉద్యోగం వదిలాక రాయచోటిలోని సొంతవాళ్ళకు కూడా కనిపించలేదు.

ముందు సుంకన్న ఇంటికి బయల్దేరాను. ఎండలో కొన్ని మైళ్ళు నడిచాను అని రాయాలని ఉంది. ఆటో వాకిలి దాకా పోయింది.

సుంకన్న తల్లి నాగమ్మ. మనిషి వంగిపోయింది గాని చేతులు వంగలేదు. రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే, వేలెడంత బోలు రెల్లు ముక్క. నేను వచ్చిన పని చెబితే చెయ్యి ఆపకుండా విన్నది.

"విశాఖపట్నం నేనేమిటికి పోవల్ల సారూ? వాడు ఈడనే ఉంటే?" అంది.

ఇలాంటి మాటలు మా పనిలో కొత్త కాదు. ఫోటోలోనో కలలోనో ఉన్నాడంటారు. నేను తలూపాను. అది ఆమెకు నచ్చలేదు.

"తల ఊపొద్దు. పొద్దు నడినెత్తికొచ్చినాక రా, చూపిస్తా."

మధ్యాహ్నం వస్తే, ఊరి వెనక వదిలేసిన బండల గని ఒడ్డుకు తీసుకుపోయింది. జనం గుంత అంటారు. చుట్టూ ఎక్కడా గడ్డిపోచ లేని నేలలో అదొక్కటే నిండా నీళ్ళు, ఆకుపచ్చగా, అడుగు కనిపించకుండా. చెక్కినట్టున్న నిటారు బండ గోడలు. ఆ పగుళ్ళలో పావురాలు. అవతలి ఒడ్డున పనికిరాని రాతిముక్కల గుట్టలు అడ్డంగా ఉన్నాయి. వాటి వెనక ఏముందో ఇటు నుంచి కనబడదు.

సుంకన్న చిన్నప్పుడు ఈత నేర్చుకున్నది అందులోనేనట. "బెత్తం ఇరిగేదాకా కొట్టినా. మళ్ళా పోయి దూకెటోడు. సెలవులకొచ్చినప్పుడు గూడా అంతే. ఈత కొట్టి, సంగటి పెట్టమని ఈడ నుంచే ఒకటే ఈల. కండెతో ఊదెటోడు, ఓడలో ఇట్లనే ఊదుతారమ్మా అని. నేను ఇంటికాడ నుంచి ఊదితే, అన్నం అయిందని వచ్చెటోడు."

ఆమె మాట ముగియకముందే ఈల వినిపించింది.

ఒకే స్వరం. సన్నగా, ఎత్తుగా, వణుకు లేకుండా, ఊపిరి ఉన్నంతసేపూ సాగింది. గోడల్లోని పావురాలు గుక్క తిప్పుకోనట్టు ఆగిపోయాయి. గుంతలో నీళ్ళు కూడా కదలడం మానేశాయి. సరే, గుంతలో నీళ్ళు ఎప్పుడూ కదలవు. కానీ పావురాల మాట నిజం.

నాకు వెన్ను చల్లబడింది. దయ్యమని కాదు. ఆ ఈల నాకు తెలుసు. నౌకాదళంలో దాన్ని 'స్టిల్' అంటారు. అది వినగానే డెక్కు మీద ఎవరు ఎక్కడున్నారో అక్కడే బొమ్మల్లా నిలబడాలి. 'క్యారీ ఆన్' అనే రెండో ఈల, పైనుంచి కిందికి జారేది, వినపడేదాకా కదలకూడదు. నా మడమలు వాటంతటవే దగ్గరికి చేరాయి. రెండో ఈల కోసం ఎదురుచూశాను. అది రాలేదు.

నాగమ్మ కొంగులోంచి కండె తీసి, పెదవికి ఆనించి, బోలు మీద గాలి ఊదింది. అదే స్వరం, కొంచెం బొంగురుగా. నీళ్ళ మీదుగా అటు పోయింది.

"ఇన్నావు గదా?" అంది. "వాడు పోయినాక కొన్నేండ్లకు మొదలైంది. రోజూ పిలుస్తాడు. నేను పలుకుతా. ఇప్పుడు గని మళ్ళీ తీస్తారంట, నీళ్ళు తోడనీకి మోటార్లు దించినారు. తోడొద్దని చెప్పు సారూ. గవర్నమెంటోనివి గదా. నీళ్ళు పోతే వాడు యాడికి పోతాడు?"

చెబుతానన్నాను. ఆపే అధికారం మా కార్యాలయానికి లేదు. ఆ సంగతి ఆమెతో అనలేకపోయాను.

గుంత చుట్టూ తిరిగి అవతలికి పోయాను. రాతి గుట్టల వెనక రేకుల షెడ్డు, దాని పక్కన కొత్త మోటార్లు. ఒక ముసలి వాచ్‌మన్ బయటికి వచ్చాడు. షెడ్డు తలుపుకు గడప లేదు. అతను కాలు మోకాటి దాకా ఎత్తి దాటాడు.

"మస్తాన్" అన్నాను.

అతను నన్ను కాదు, నా చెప్పులను చూశాడు. నేనూ రాతి మీద, ఊగే డెక్కు మీదలాగే, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాను. "ఏ ఓడ?" అన్నాడు. ఈసారి అబద్ధమాడలేదు. ఇంజను గది చీఫ్‌ని, సర్వే ఓడ అని చెప్పాను. సముద్రం అడుగు లోతు కొలిచేది, ఫిరంగులు లేనిది.

"అయితే కుర్చీ లేదు, చీఫ్ సాబ్. నిలబడుండు" అని నవ్వాడు.

టీ ఇచ్చాక చెప్పాడు. సుంకన్న తల్లిని చూడాలనే ఆ ఊరొచ్చాడు. నేతగాళ్ళ వీధి మొదట్లో మగ్గాల చప్పుడు విని ఆగిపోయాడు. మళ్ళీ వీధిలోకి కాలు పెట్టలేదు. షెడ్డులో కాపలా పని దొరికితే ఉండిపోయాడు. సరుకులు కూడా రోడ్డు వైపు నుంచే తెచ్చుకుంటాడు. ఒకనాడు మధ్యాహ్నం, మనసు ఉండబట్టలేక, పాత ఈల తీసి స్టిల్ ఊదాడు.

"వాడు పలికినాడు, సాబ్. ఖుదాకీ కసమ్. ఓడ మీద వాని పెట్టెలో రెల్లు కండె ఉండేది, వాళ్ళమ్మ ఇచ్చింది. నేను స్టిల్ ఊదితే వాడు మెస్సులో కూసోని దాంతో ఎక్కిరించెటోడు. ఆ బొంగురు నేను మరిచిపోతానా? వాడు ఇంటికొచ్చేసినాడు. ఈ నీళ్ళల్లో ఉండాడు."

పట్టపగలు, నిప్పులాంటి ఎండ. ఇద్దరు బతికున్న మనుషులు గుంతకు చెరోవైపు కూర్చుని, ఒకరినొకరు ఒకే చచ్చినవాడు అనుకుంటున్నారు. ఇది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నిజం చెప్పాలంటే నాకు అప్పుడే ఎక్కువ భయమేసింది. నేను నోరు తెరిస్తే సుంకన్న రెండోసారి పోతాడు. తెరవకపోతే వారంలో మోటార్లు ఆ పని చేస్తాయి, ఎందుకు పోయాడో ఇద్దరికీ తెలియకుండా.

కట్టుబాటు ప్రకారం దొరికినవాణ్ణే ముందు అడగాలి. అడిగాను. "అవతలి ఒడ్డున సుంకన్న తల్లి ఉంది మస్తాన్. నీ జాడ చెప్పమంటావా?"

అతను టీ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత, "ఆమె చేతిలో కండె ఉందా?" అని అడిగాడు. ఉందన్నాను. ఇంకేమీ అడగలేదు. మర్నాడు తానే వస్తానన్నాడు.

నాగమ్మకు ఆ సాయంత్రమే చెప్పాను. రాట్నం ఆగింది. "అంటే, ఇన్ని దినాలు నేను పలికింది ఎవురికి?" అంది. మీ కొడుకు పక్కన నిలబడినవాడికి అన్నాను. ఆమె పోగు తెగినచోట ముడి వేసి మళ్ళీ చుట్టింది. "రానీ" అంది.

మర్నాడు మధ్యాహ్నం మస్తాన్ గుంత చుట్టూ నడిచి ఇవతలి ఒడ్డుకు, మా దగ్గరికి వచ్చాడు. ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు. జరిగింది చెప్పాడు. సముద్రం పోటు మీద ఉందనీ, వెనక డెక్కు మీద వదులైన తాడు బిగించడానికి సుంకన్న వెళ్ళాడనీ, ఒక అల లేచి దిగేసరికి తాడు మాత్రమే ఉందనీ. చీకటి పడేదాకా ఓడ తిరిగిందనీ. ఆ తర్వాత వెతుకులాట చాలనే ఆజ్ఞ వచ్చిందనీ.

"క్యారీ ఆన్ నేనే ఊదినానమ్మా. ఇంగ వెతకొద్దు, ఎవురి పని వాళ్ళు చూస్కోండి అని నేనే ఊదినా. మళ్ళీ ఆ ఈల నోట్లోకి రాలేదు."

నాగమ్మ అడిగింది ఒక్కటే. "ఈత కొట్టినాడా?"

"కనబడినంత మేరా కొట్టినాడు."

ఆమె తలాడించింది. "నేను కొట్టినా గూడా నేర్చుకున్యాడు" అంది. గుంత వైపు తిరిగి, "ఎన్నేండ్లని వాణ్ణి నిలబెడతావప్పా? ఆ రెండోది గూడా ఊదు" అంది.

మస్తాన్ లేచి గుంత అంచున నిలబడ్డాడు. స్టిల్ ఊదాడు. పావురాలు ఆగాయి. ఈల పెదవుల దగ్గరే ఉంచి చాలాసేపు ఉండిపోయాడు. తర్వాత క్యారీ ఆన్ ఊదాడు. స్వరం పైనుంచి జారి, గోడలకు తగిలి, నీళ్ళ మీద తెగిపోయింది. పావురాలు ఒక్కసారిగా లేచాయి.

అప్పుడు ఖాళీ ఒడ్డు నుంచి బొంగురుగా జవాబు వచ్చిందని కడపలోనూ కర్నూలులోనూ చాలామందికి చెప్పాను. రాలేదు. కండె నాగమ్మ చేతిలోనే ఉంది, ఆమె ఊదలేదు. కానీ ముగ్గురం అటే చూస్తూ నిలబడ్డాం. ఊదేవాళ్ళిద్దరూ ఇటువైపే ఉన్నారని అందరికంటే బాగా తెలిసిన నేను కూడా, పావురాలన్నీ తిరిగి వాలేదాకా, జవాబు కోసం ఎదురుచూశాను.

ఆ వారంలోనే నీళ్ళు తోడారు. అడుగున బండ తప్ప ఏమీ లేదు. విశాఖపట్నం ఇద్దరూ రామన్నారు. అదే రాసి పంపాను.

అప్పటిదాకా దొరికిన మనిషిని ఒక్క ప్రశ్నే అడిగేవాణ్ణి, నీ జాడ చెప్పమంటావా అని. తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ దానికి ముందు ఇంకొకటి అడిగాను: ఇన్నాళ్ళూ ఎవరితో ఉన్నావు అని. చాలామంది భార్య పేరో కొడుకు పేరో చెప్పేవాళ్ళు. కొందరు ఎప్పుడో పోయినవాళ్ళ పేరు చెప్పేవాళ్ళు. అలాంటి చోట టీ తాగి, ఆ రోజుకు ఏమీ చెప్పకుండా లేచి రావాలి.