తాడు వదిలిన చెయ్యి

మైదుకూరు రోడ్డు పక్కనే మా ఇల్లు. ఇందాక కర్నూలు వైపు పోయే లారీ ఒకటి హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా ఇంటి ముందు దాటింది. వస్తున్నంతసేపూ సన్నగా కీచుమన్న కూత, దాటగానే బొంగురుపోయింది. ఆ మార్పు చెవిన పడితే చాలు, నా కుడిచెయ్యి దానంతట అదే పిడికిలి బిగిస్తుంది. రజియా టీచరమ్మ బిగించిన పిడికిలి అది.

ఆమె మా ఊరి హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పేది. నేను అక్కడ మధ్యాహ్న భోజనం వండేదాన్ని. నలభై దాటిన నాకు, పొయ్యి పక్కన కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. మెత్తని మనిషి అనుకోకండి. తప్పు రాస్తే పలక లాక్కుని మొత్తం తుడిచేసేది. నేనూ మొండిదాన్నే కాబట్టి ఇద్దరికీ సరిపోయింది. ఊళ్ళో మాత్రం నవ్వేవాళ్ళు. మా ఆడబిడ్డ లక్ష్మమ్మ అయితే అందరి ముందే అనేది: "ఏం వదినా, కలెక్టరు అయితాండావా? ముందు సాంబార్లో ఉప్పు చూసుకో."

ఆ మాటలు పడలేక, ఇక మానేస్తానని టీచరమ్మతో చెప్పేశాను.

"మానేద్దువులే ఓబులక్కా. సైన్స్ ప్రదర్శన రోజు ఊరి ముందర ఒక అట్ట చదివి, ఒక తాడు తిప్పు. జొన్నచేలో వడిసెల తిప్పి పిట్టల్ని రాళ్ళతో తోలిన చెయ్యి నీది. అది అయినంక నీ ఇష్టం."

తాడు చివర డబ్బా, డబ్బాలో బ్యాటరీతో మోగే బజరు. అట్ట మీద రాత నాదే. కూతలో మార్పు సంగతి కనిపెట్టిన డాప్లర్ అన్నాయన పేరు కుదిరేసరికి పలక అరిగిపోయింది. ఆ రోజు జనం ముందు చదివేశాను: "మోగే వస్తువు మన వైపు వస్తే కూత సన్నబడుతుంది. దూరం పోతే లావవుతుంది." తరువాత మధ్యలో నిలబడి తాడు తిప్పాను. కూత సన్నబడుతూ లావవుతూ ఉంటే జనం నోళ్ళు తెరిచారు. అంతలో వేపచెట్టు మీద నుంచి పిట్టల గుంపు ఒక్కసారిగా లేచింది. వడిసెలకు అలవాటుపడిన చెయ్యి, పిట్టను చూసి ఊరుకుంటుందా? వదిలేసింది. డబ్బా ఎగిరిపోయి, పక్కన కూర్చున్న హెడ్మాస్టరు ముందున్న నీళ్ళకుండను పగలగొట్టింది. ఆయన ప్యాంటంతా తడిసింది.

"పిట్టలు తోలేదానికి సదువెందుకు వదినా!" లక్ష్మమ్మ గొంతు. గ్రౌండంతా నవ్వు.

వంటగది వైపు తిరిగాను. టీచరమ్మ నా మణికట్టు పట్టుకుంది. "యాడికి పోతాండావు? నిలబడు." జనం వైపు తిరిగి గట్టిగా అడిగింది: "తాడు వదిలినప్పుడు డబ్బా మీకు ఎదురుగానే ఉండాది గదా. మీ మీదికి రాకుండా పక్కకెందుకు పోయింది?"

తరువాత నా వైపు చూసింది.

"పిట్ట ఎదురుగుంటే, రాయి పక్కకొచ్చినప్పుడే వదలాలమ్మా," అన్నాను. "ఎందుకో తెలీదు. మా నాయన అట్లే నేర్పె."

"నేను చెప్తా. తాడు లోపలికి లాగినంతసేపే అది గుండ్రంగా తిరుగుతాది. వదిలిన క్షణాన ఎటు పోతాంటే అటే తిన్నగా పోతాది. తప్పు చేసినా పాఠం చూపించినావు. మళ్ళా తిప్పు. ఈసారి వదలొద్దు."

డబ్బా తెచ్చి కట్టారు. టీచరమ్మ తాడు నా కుడిచేతిలో పెట్టి, తన చేత్తో నా పిడికిలి బిగించింది. భుజం పీకేదాకా తిప్పాను. పిట్టలు మళ్ళీ లేచాయి. వదల్లేదు.

మరునాడు పిలవకుండానే పలక పట్టుకుపోయి అడిగాను: "అందరికీ మారిన కూత నాకెందుకు మారలేదమ్మా?"

"నువ్వు మధ్యలో ఉండావు. నీకది దగ్గరికి రాదు, దూరం పోదు. ఎప్పుడూ తాడంత దూరమే." ఆ రోజు పలక తుడవలేదు ఆమె.

కొన్నేళ్ళకు నేను పదో తరగతి పాసయ్యాను. ఆమె బదిలీ అయి కర్నూలు పోయింది. పోయిన ఎండాకాలం అక్కడే కన్నుమూసింది.

ఇందాక లారీ పోయాక, అరుగు మీదున్న లక్ష్మమ్మ అంది: "ఏంది వదినా, హారను సచ్చిపోయినట్లుండాది?"

"సావలేదు లేమ్మే. అది అట్లే మోగుతాండాది. మనకు దూరం పోతాండాది, అంతే."

ఎవరు చెప్పారని లక్ష్మమ్మ అడగలేదు. నా పిడికిలి వైపు చూసింది.