ఎండ్రికాయ అనే అన్నాను

ఎండ్రికాయను పీత అనకపోతే క్లాసులో కూర్చోనివ్వరని నాకు తొమ్మిదో తరగతిలో తెలిసింది. మాది కరీంనగర్ దగ్గరి పల్లె. సైన్సు సారు వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చారు. ఆ రోజు పాఠంలో పీతలనూ రొయ్యలనూ కలిపి మెత్తని పెంకు జీవులన్నారు. గవ్వ, ఆల్చిప్పలతో పోలిస్తే మెత్తన అని ఆ మాటకు అర్థమట.

నేను లేచి, "ఎండ్రికాయ పొర ఇడిసినప్పుడే మెత్తగుంటది సార్. తర్వాత గట్టిపడ్తది" అన్నాను.

అది అవ్వ దగ్గర, అంటే మా అమ్మ దగ్గర నేర్చుకున్నది. నాట్ల రోజుల్లో ఆమె పొలం గట్టు బొక్కల్లో చెయ్యి పెట్టి ఎండ్రికాయలు పట్టేది. చేతికి మెత్తగా తగిలిందాన్ని మాత్రం మళ్లీ బొక్కలోనే వదిలేది. "గిచ్చ శాతగాని దాన్ని పట్టుడేంది? జర గట్టిపడనియ్యి" అనేది.

సారు నేను చెప్పింది పట్టించుకోలేదు. "ఎండ్రికాయేంటి? పీత అనాలి. అనేదాకా బయట నిలబడు" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. ఆ నవ్విన వాళ్లందరి ఇళ్లల్లో ఉడికేది ఎండ్రికాయ పులుసే. సిగ్గులేని మంద! ఒళ్లు మండి బయటికి నడిచాను.

మూడు రోజులు వరండాలోనే నిలబడ్డాను. పాఠాలన్నీ పోతున్నాయి. మా ఇంట్లో అంతదాకా చదివిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఫెయిలైతే చదువు మాన్పిస్తానని బాపు ముందే చెప్పాడు. అయినా ఆ మాట అనబుద్ధి కాలేదు.

అవ్వకు చెప్పాను. ఒక్కసారి అనేస్తే పోయేది కదా అంటుందనుకున్నాను. మర్నాడు ఆమె నాటు మధ్యలో వదిలి, పిక్కల దాకా బురదతో వచ్చి నా పక్కన నిలబడింది.

"మీరెందుకమ్మా ఇక్కడ?" అన్నారు సారు.

"గా మాట నేర్పింది నేనే సారూ. పొల్లను లోపట కూసోవెట్టుండ్రి. ఎన్ని దినాలంటే అన్ని దినాలు నేను నిలవడ్త."

సారు లోపలికి పోయి పాఠం మొదలుపెట్టారు. అవ్వ కదల్లేదు. గంట కొట్టాక ఆయన తల వంచుకునే, "లోపలికి రా" అని నన్ను పిలిచారు.

పోయి కూర్చున్నాను. ఆ ఏడు పాసయ్యాను, ఆపైనా చదివాను. సారు నాకు వేసిన శిక్షను ఎప్పుడో మరిచిపోయాను. అంతమంది పిల్లల ముందు మా అవ్వను గంటసేపు నిలబెట్టినందుకు మాత్రం ఆయన్ని క్షమించలేదు, క్షమించను.